న్యూట్రాను తారల గర్భము



పుచ్చకాయను కోయకయే పండినదో లేదో తెలిసికొనవలెననిన వ్రేలితో తట్టి చూతుము. లోపలి కండ కంటికి గానరాదు; వినవచ్చిన చప్పుడునుబట్టి నిశ్చయింతుము. తర్కము చదివినవారు దీనిని అనుమాన ప్రమాణమందురు. సంతలోని రైతునకు ఆ పేరు తెలియకున్నను పని తెలియును. నేటి ప్రసంగ విషయమును ఇట్టిదే. కాని ఇచ్చట కాయ 13 కోట్ల కాంతివత్సరముల దూరమున నున్నది.

సూర్యునికంటె పెక్కురెట్లు బరువైన నక్షత్రము తన ఇంధనమంతయు తీరిన పిమ్మట పై పొరలను విదలించివేయును. నడిమి భాగము తన భారమునకు తానే క్రుంగిపోవును. అట్లు క్రుంగునపుడు ఎలక్ట్రానులు ప్రోటానులతో గలిసి న్యూట్రానులగును. అదియే న్యూట్రాను తార. దాని బరువు సూర్యునికంటె ఎక్కువ. పరిమాణము మాత్రము ఒక తాలూకాలో ఇముడును. అందలి చింతగింజంత ముక్క కోట్లకొలది టన్నులు తూగును. 1932లో చాడ్విక్కు న్యూట్రానును కనుగొనెను. రెండేండ్లకే బాడె, జ్విక్కీ అను ఇరువురు ఇట్టి తారలుండవచ్చునని ఊహించిరి. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్లు అను విద్యార్థిని వాని రేడియో స్పందనములను మొదట పట్టెను.

తార యున్నదని తేలినది. దాని నడిబొడ్డున పదార్థమెట్లున్నది? న్యూట్రానులు న్యూట్రానులుగానే నిలిచినవా, లేక నలిగి తమలోని క్వార్కులుగా విడిపోయినవా? అంత ఒత్తిడిలో అట్టి ముద్దను నిలిపి పరీక్షించు ప్రయోగశాల భూమిమీద లేదు. కనుక తట్టి చూడవలసినదే.

తట్టునది మఱియొక తార. జంటగా నున్న రెండు న్యూట్రాను తారలు ఒకదానిచుట్టు నొకటి తిరుగుచు గురుత్వ తరంగములను వెదజల్లును. ఐన్‌స్టీను 1916లో చెప్పిన తరంగములివియే. వానితో శక్తి తరిగిపోవుటచే తారలు దగ్గరకు జరుగును. దారమునకు గట్టిన రాయిని వ్రేలికి చుట్టుకొననిచ్చినచో దారము కురుచయైనకొలది రాయి వడిగా తిరుగును గదా, ఇదియు నట్లే.

2017 ఆగస్టు 17వ తేదీన అట్టి జంట యొకటి కలియుట వినబడెను. అమెరికాలోని రెండు లైగో యంత్రములు, ఇటలీలో పీసా చెంతనున్న విర్గో యంత్రము ఆనాడు పనిచేయుచుండెను. లైగోకు 4 కిలోమీటర్ల పొడవుగల చేతులు రెండు. తరంగము సోకినపుడు వాని పొడవులో కలిగిన మార్పు ఒక ప్రోటాను వెడల్పులో వేయవ వంతుకంటె తక్కువ. దానిని లేజరు కిరణములతో కొలిచిరి. ధ్వని సుమారు 100 సెకండ్లు సాగెను. మొదట మంద్రము, పిదప తారస్థాయి.

కంటికి కనబడనిదానిని ఎట్లు నమ్ముట యని మాయూరి పెద్దలొకరు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. తరంగములు ముగిసిన రెండు సెకండ్లలోపుననే ఆకాశమునందున్న ఫెర్మి ఉపగ్రహము గామా కిరణముల మెఱపును చూచెను. నాటి రాత్రియే దుర్భిణులు ఒక దూరపు నక్షత్రమండలములో క్రొత్త వెలుగును కనిపెట్టెను. వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పిరి. ఇట్టి కలయికలలో బంగారము పుట్టునని కూడ చెప్పుదురు. అది వేఱొక ప్రసంగమునకు తగినది.

ఇక అసలు సంగతి. చంద్రుడు సముద్రమునకు పోటు కలిగించునట్లు, దగ్గరకు వచ్చిన రెండు తారలు ఒకదానినొకటి లాగి గ్రుడ్డువలె సాగదీయును. ఆ సాగుడునకు కొంత శక్తి ఖర్చగును. అందువలన చివరి చుట్లు లెక్కకు మించిన త్వరలో ముగియును. ఆ త్వరను కొలిచినచో తార యెంత సాగెనో తెలియును.

ఇచ్చట ఒక తిరకాసు గలదు. గట్టి పదార్థముతో నైన తార సాగదని తోచును. నిజము దానికి విరుద్ధము. గట్టి పదార్థము తన బరువునకు లొంగదు గనుక తార పెద్దదిగా నుండును. దాని అంచులు కేంద్రమునకు దూరమై పొరుగుతార లాగుడునకు సులువుగా లోబడును. మెత్తని పదార్థము అణగి చిన్న ముద్దయగును. ఆ ముద్దను సాగదీయుట కష్టము.

2017 నాటి తారలు అంతగా సాగలేదు. కనుక మిక్కిలి గట్టిదని చెప్పిన సిద్ధాంతములు వీగిపోయినవి. మఱి మిక్కిలి మెత్తనిదందమా, దానికి 2010లోనే అడ్డు వచ్చినది: ఆ యేట రమారమి ఇద్దరు సూర్యుల బరువుగల న్యూట్రాను తార యొకటి తూకమునకు చిక్కినది. పదార్థము మెత్తనిదైనచో అది ఎప్పుడో కృష్ణబిలమై పోవలసినది. ఈ రెండు హద్దుల నడుమ సత్యమున్నది. లైగో, విర్గో పండితులు 2018లో తేల్చిన వ్యాసార్ధము సుమారు 12 కిలోమీటర్లు, ఇటునటు ఒకటిన్నర.

క్వార్కుల ప్రశ్న మాత్రము తీరలేదు. తారలు ఒకదానినొకటి తాకి ఏకమగు క్షణమున పుట్టు ధ్వనిలో ఆ జవాబు దాగియుండవచ్చును. కాని అది మిక్కిలి హెచ్చు స్థాయిలో నుండుటచే 2017లో యంత్రములకు అందలేదు. 2019లో వినబడిన మఱొక జంట అంతకంటె దూరమునది. దానివలన ఈ విషయమున లాభము స్వల్పమే.

మన దేశమునను ఇట్టి యంత్రము నిర్మించుటకు 2023 ఏప్రిలులో భారత ప్రభుత్వము ఆమోదము తెలిపినది. స్థలము మహారాష్ట్రములోని హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ ప్రాంతము. ఆ సీమ పూర్వము నిజాము రాజ్యములోనిదే. నాగనాథుని జ్యోతిర్లింగముగా కొలుచుటకు అచ్చటికి యాత్ర వెళ్లుదురు.