తొలి కారు: కొంత భౌతికం, కొంత రసాయనం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో పిల్లలకు పదహారేళ్ళు నిండే సంవత్సరం ఒక ముఖ్యమైన ఘట్టం. డ్రైవింగు లైసెన్సు చేతికి వచ్చిన నాటి సాయంత్రమే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. తండ్రి కొత్త కారు కొనుక్కోవాలని ఏడాదిగా అనుకుంటూ ఉంటాడు. గరాజులో పదిహేనేళ్ళ నాటి చిన్న కారు ఒకటి ఉంటుంది. దాని అప్పు ఏనాడో తీరిపోయింది. అక్కడక్కడ గీతలు పడ్డాయి. మరొకటి పడినా బెంగ లేదు. "ఎలాగూ నాలుగు చోట్ల తగిలిస్తాడు, ఆ పాతదే వాడికిద్దాం" అన్న మాటతో చర్చ ముగుస్తుంది. ఇంటి జమాఖర్చుల దృష్ట్యా ఇది నిక్షేపమైన నిర్ణయమే. కాని శాస్త్రదృష్టితో పరిశీలిస్తే లెక్క తలక్రిందులవుతుంది. ప్రమాదానికి గురయ్యే అవకాశం ఇంటిల్లిపాదిలోను అధికంగా ఉన్న వ్యక్తికి, ప్రమాదం నుండి కాపాడే శక్తి అన్నిటికంటె తక్కువగా ఉన్న వాహనం దక్కుతున్నది.

నడిపిన ప్రతి మైలుకు లెక్క కట్టి చూస్తే, ఇరవై ఏళ్ళు దాటిన వారితో పోల్చినప్పుడు పదహారు నుండి పంతొమ్మిదేళ్ళ చోదకులు ప్రాణాంతక ప్రమాదాలలో చిక్కుకొనే రేటు దాదాపు మూడు రెట్లు ఉంటుందని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ చాలాకాలంగా చెబుతున్నది. దీనికి తెలివితేటలతో సంబంధం లేదు. గణితంలో నూటికి నూరు తెచ్చుకొన్న పిల్లవానికి కూడ ముందు పోతున్న మూడవ కారు బ్రేకు దీపం వెలిగిందన్న సంగతి ఆలస్యంగానే తెలుస్తుంది. ఆ చూపు వేల మైళ్ళ అనుభవం మీద గాని పట్టుబడదు. తోటి పిల్లలు కారెక్కితే అపాయం మరింత పెరుగుతుంది. అందువల్లనే 1996లో ఫ్లోరిడా రాష్ట్రం మొదలుపెట్టిన దశలవారీ లైసెన్సు పద్ధతిని తరువాత తక్కిన రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో అనుసరించాయి.

ఇక వాహనం సంగతి. కొండను పొట్టేలు ఢీకొన్నట్లు అన్న సామెతలో న్యూటను సూత్రాలు ఇమిడి ఉన్నాయి. 1200 కిలోల చిన్న కారు, 2400 కిలోల పెద్ద వాహనం, రెండూ గంటకు 30 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని, ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకుందాం. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం ఆ రెండూ కలిసి పెద్ద వాహనం పోతున్న దిశలోనే 10 మైళ్ళ వేగంతో కదులుతాయి. అంటే పెద్ద వాహనంలో ఉన్నవారి వేగం మారినది 20 మైళ్ళు మాత్రమే. చిన్న కారులో ఉన్నవారు 30 నుండి సున్నకు దిగి, వెనుకకు మరొక 10 మైళ్ళ వేగం పుంజుకొన్నారు. వారికి కలిగిన మార్పు 40 మైళ్ళు. శరీరం అనుభవించే దెబ్బ ఈ మార్పును బట్టి ఉంటుంది. పైన చెప్పిన సంస్థ యువచోదకులకు తగిన కార్ల జాబితాను తయారుచేసేటప్పుడు 2,750 పౌండ్లకు, అనగా సుమారు 1,250 కిలోలకు, తక్కువ బరువున్న వాటిని పరిగణించకపోవడానికి కారణం ఇదే.

అలాగని బరువు పెరిగినకొద్దీ మేలు అనుకొంటే పొరపాటు. అదే జాబితాలో భారీ ఎస్‌యూవీలకు, పెద్ద పికప్ ట్రక్కులకు కూడ చోటు లేదు. అవి అదుపు చేయడానికి కష్టమైనవి, ఆగడానికి ఎక్కువ దూరం తీసుకొంటాయి, ఎదుటివారికి ప్రాణాంతకమైనవి. ఎదుటి కారులో ఉన్నది కూడ ఒకరి బిడ్డే కదా! అశ్వశక్తి విషయం ఇంకా స్పష్టం. గతిజశక్తి వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక 35 మైళ్ళ వేగంతో పోతున్న కారు కంటె 70 మైళ్ళ వేగంతో పోతున్న కారులో నాలుగు రెట్లు శక్తి నిండి ఉంటుంది. బ్రేకులు గాని, ఎదురుగా ఉన్న చెట్టు గాని ఆ శక్తినంతటినీ హరించవలసినదే. పిల్లలు ముచ్చటపడే స్పోర్ట్స్ కారు వారిని ఆ రెండవ అంకె వైపు త్వరగా చేరుస్తుంది.

మధ్యరకం బరువు, సాధారణమైన ఇంజను ఉన్న సెడాన్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది మేలో తేల్చేది ముఖ్యంగా తయారైన సంవత్సరం. ఆ సంవత్సరానికి అంత ప్రాముఖ్యం రావడానికి ఒక పాత కథ ఉన్నది. 1997 అక్టోబరులో స్వీడన్ దేశంలో ఒక మోటారు పత్రికవారు మెర్సిడెస్ బెంజ్ కంపెనీ కొత్తగా విడుదల చేసిన ఏ-క్లాస్ అనే చిన్న కారును పరీక్షించారు. ఆ దేశపు అడవిదారులలో దుప్పి జాతికి చెందిన భారీ జంతువులు హఠాత్తుగా అడ్డురావడం మామూలు. అటువంటిది ఎదురైనట్లు భావించి స్టీరింగును ఒక్కసారి ఇటూ అటూ త్రిప్పగానే ఆ కారు బోల్తాపడింది. కంపెనీ పరువు గంగలో కలిసింది. వారు అమ్మిన కార్లను వెనుకకు పిలిపించి, 1995లో తమ ఖరీదైన కారులో మాత్రమే ప్రవేశపెట్టిన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అనే సాధనాన్ని ఈ చిన్న కారుకు కూడ అమర్చవలసివచ్చింది. ఆ విధంగా ధనికుల వాహనాలకు పరిమితమైన వస్తువు సామాన్యుల కారులోకి దిగివచ్చింది.

ఈ సాధనం చేసే పని తేలికగానే బోధపడుతుంది. చోదకుడు చక్రాన్ని ఎటు త్రిప్పాడో ఒక సెన్సరు కనిపెడుతుంది. కారు నిజంగా ఎటు తిరుగుతున్నదో మరొకటి కొలుస్తుంది. రెంటికీ పొత్తు కుదరకపోతే, అనగా కారు జారుతున్నదని తేలితే, కంప్యూటరు నాలుగు చక్రాలలో ఏది అవసరమో దానికి మాత్రమే బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గించి, కారును మళ్ళీ దారికి తెస్తుంది. ఒక్క చక్రానికి విడిగా బ్రేకు వేయడం ఎంతటి నిపుణుడికైనా పాదంతో సాధ్యమయ్యే పని కాదు. కొత్తగా నేర్చిన పిల్లలు చేసే పొరపాటు తరచు ఒకే తీరులో ఉంటుంది: కారు మలుపులో కొంచెం రోడ్డంచు దిగుతుంది, భయపడి చక్రాన్ని అవతలివైపుకు గట్టిగా లాగుతారు, కారు అడ్డం తిరుగుతుంది. సరిగ్గా ఇక్కడే ఈ సాధనం అక్కరకు వస్తుంది. వేరొక వాహనం ప్రమేయం లేకుండ జరిగే ప్రాణాంతక ప్రమాదాలను ఇది దాదాపు సగానికి తగ్గించిందని అధ్యయనాలు తేల్చాయి. అమెరికాలో 2012 మోడలు నుండి అన్ని కార్లలోను ఇది తప్పనిసరి అయింది. అంతకు ముందరి కార్లలో కొన్నిటికి ఉన్నది, కొన్నిటికి లేదు, విచారించి తెలుసుకోవాలి. తోలు సీట్ల కంటె, పాటలు వినిపించే సామగ్రి కంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇది.

పాత కారులో కంటికి కనబడని మరొక సమస్య రసాయనికమైనది. అది స్టీరింగు చక్రం మధ్యలో మడతపెట్టి దాచిన గాలిసంచిలో, అనగా ఎయిర్‌బ్యాగులో ఉంటుంది. ఢీకొన్న క్షణం నుండి సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోగా ఆ సంచి నిండాలి. రెప్పపాటుకు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. పంపుతో అంత వేగంగా గాలి నింపడం అసాధ్యం. అందుచేత మొదటి తరం సంచులలో సోడియం ఎజైడ్ అనే లవణాన్ని వాడారు. దానిని సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే సోడియం లోహంగాను, నైట్రోజన్ వాయువుగాను విడిపోతుంది. 130 గ్రాముల లవణం గది ఉష్ణోగ్రత వద్ద కొలిస్తే సుమారు 73 లీటర్ల నైట్రోజన్‌నిస్తుంది. చోదకుని ముందున్న సంచికి దాదాపు అంతే కావాలి. మిగిలే సోడియం ప్రమాదకరమైనది కనుక దానిని గాజువంటి నిరపాయకరమైన పదార్థంగా మార్చే ఏర్పాటు కూడ అందులోనే ఉండేది. రసాయనశాస్త్రవేత్తలు గర్వించదగిన పనితనం అది. అయితే సోడియం ఎజైడ్ సయనైడుతో పోల్చదగిన విషం కావడంతో పరిశ్రమ క్రమంగా ఇతర పదార్థాల వైపు మళ్ళింది.

ఆ మళ్ళింపులో జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ 2000 ప్రాంతంలో అమ్మోనియం నైట్రేట్‌ను ఎన్నుకొన్నది. పొలాలలో ఎరువుగాను, గనులలో ప్రేలుడు పదార్థంగాను వాడే ఈ లవణం చవక. పైగా మండినప్పుడు నైట్రోజన్, నీటి ఆవిరి, ఆక్సిజన్‌లుగా మారి దాదాపు పూర్తిగా వాయువైపోతుంది. కాగితం మీద ఇంతకంటె మంచి ఇంధనం ఉండదు. కాని దానికి రెండు అవలక్షణాలున్నాయి. అది తేమను పీల్చుకొంటుంది. రెండవది, సుమారు 32 డిగ్రీల వద్ద దాని స్ఫటిక నిర్మాణం మారి ఘనపరిమాణం కొద్దిగా పెరుగుతుంది, చల్లారితే మళ్ళీ తగ్గుతుంది. 32 డిగ్రీలంటే మన వేసవిలో ప్రొద్దున తొమ్మిది గంటల వేడి! ఈ రెండవ లోపాన్ని సవరించడానికి కంపెనీ ఇతర లవణాలు కలిపి స్ఫటికాన్ని స్థిరపరచింది. తేమ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. పగలు కాగి, రాత్రి చల్లారే కారులో తేమతో కూడిన లవణపు బిళ్ళలు ఏళ్ళ తరబడి ఉబ్బి, కుదించుకొని, లోపల సన్నని రంధ్రాలు ఏర్పడి గుల్లబారాయి. దుంగ నెమ్మదిగా కాలుతుంది, రంపపుపొట్టు భగ్గుమంటుంది. ఉపరితలం పెరిగినకొద్దీ దహనవేగం పెరుగుతుంది. గుల్లబారిన బిళ్ళలు ఒక్కసారిగా మండి, పీడనాన్ని తట్టుకోలేక వాటి ఉక్కుడబ్బా బ్రద్దలై, ఆ ముక్కలు సంచిని చీల్చుకొని చోదకుని మెడకు, ముఖానికి తగిలాయి.

2016 మార్చిలో హ్యూస్టన్ సమీపాన హైస్కూలు చివరి సంవత్సరం చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి ఈ విధంగా మరణించింది. ఆమె నడుపుతున్నది 2002 నాటి హోండా సివిక్. ముందున్న కారుకు వెనుకనుండి తగిలింది. మామూలుగా అయితే కారు దిగి నడిచి వెళ్ళవలసిన ప్రమాదం. అదే సంవత్సరం జూన్‌లో ఫెడరల్ రహదారి భద్రతా విభాగం, 2001 నుండి 2003 వరకు తయారైన కొన్ని హోండా, అక్యూరా కార్లలోని సంచులు పరీక్షలలో 50 శాతం దాకా బ్రద్దలవుతున్నాయని ప్రకటించింది. ఈ కంపెనీ పరికరాల కారణంగా అమెరికాలో మొత్తం మీద సుమారు 6 కోట్ల 70 లక్షల సంచులను మార్చవలసివచ్చింది. వై టూ కె రోజులలో వచ్చిన తెలుగువారిలో ఎందరో ఆ సంవత్సరాల కార్లనే తమ తొలి కారుగా కొనుక్కొని, మురిపెంగా చూసుకొన్నారు. కొన్ని నేటికీ చేతులు మారుతూ తిరుగుతున్నాయి. వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉన్న టెక్సాస్, ఫ్లోరిడా తీరప్రాంతాలలో మన కుటుంబాలు అధికంగా ఉన్నందున ఈ సంగతి మరీ గుర్తుంచుకోదగినది.

తెలుసుకొనే మార్గం సులభం. ముందు అద్దం క్రింద, చోదకుని వైపు మూలలో పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసిన వాహన సంఖ్య ఉంటుంది. దానిని ఆ ఫెడరల్ విభాగంవారి జాలస్థలిలో నమోదు చేస్తే మరమ్మతు జరగని లోపాలేవైనా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. మరమ్మతును ఆ కంపెనీ డీలరు ఉచితంగా చేస్తాడు. కారు ఎన్ని చేతులు మారినా సరే. వాడిన కారును అమ్మే వ్యాపారి ఈ మరమ్మతు చేయించిన తరువాతనే అమ్మాలని ఫెడరల్ చట్టం మాత్రం ఎక్కడా శాసించలేదు. కనుక ఆ భారం కొనేవారిదే. డబ్బు ముట్టజెప్పక ముందే ఈ పరీక్ష పూర్తికావాలి.

ఇంట్లో రెండు కార్లున్నచోట ఖర్చులేని ఉపాయం మరొకటి ఉన్నది: కొత్త కారు పిల్లలకిచ్చి, పాతదాన్ని ముప్పై ఏళ్ళ అనుభవమున్న తండ్రి నడపడం. పదహారేళ్ళ వానికి కొత్త కారా అని బంధువులు ముక్కున వేలేసుకోవచ్చు. బీమా ప్రీమియం ఎలాగూ పెరుగుతుంది, కారు మార్చినందువల్ల మరికొంత పెరగవచ్చు. గీతలు పడతాయి. అవన్నీ డబ్బుతో తీరే నష్టాలు.

చివరగా టైర్లు. వాడిన కారు కొనేవారు గాడి లోతు చూసి తృప్తిపడతారు. లింకన్ బొమ్మ ఉన్న పెన్నీని తలక్రిందులుగా గాడిలో పెట్టినప్పుడు తల పూర్తిగా కనబడితే టైరు అరిగిపోయినట్లే. కాని అరగని టైరు కూడ ముసలిదవుతుంది. రబ్బరు అణుశృంఖలాలలోని ద్విబంధాలను గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ నెమ్మదిగా దెబ్బతీస్తాయి. కారు నిలిపి ఉంచినా ఈ చర్య ఆగదు. ఆరేళ్ళు దాటితే మార్చమని అనేక కార్ల కంపెనీలు సలహా ఇస్తున్నాయి. టైరు ప్రక్కభాగాన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలోని చివరి నాలుగంకెలు దాని పుట్టినతేదీ: 2319 అంటే 2019లో 23వ వారం. ఆ అంకెలు తరచు లోపలివైపు ముద్రితమై ఉంటాయి కనుక చూడడానికి టార్చిలైటు, నేలమీద పరచుకోవడానికి పాత దుప్పటి తీసుకువెళ్ళడం మంచిది. అమ్మేవాని ముందు కారు క్రిందికి వంగి చూడడానికి మొహమాటపడవలసిన పనిలేదు.