టీవీ జ్యోతిష్యుడి లెక్కల పుస్తకం: తప్పులు ఏ పద్దులో రాస్తారు?

కమలాపురం: 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ అయిపోయింది. ఓట్ల లెక్కింపు జూన్ 4న. మధ్యలో ఉన్న మూడు వారాలూ మా ఊర్లో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఒకటే మాట: "ఎవరొస్తారబ్బా?" సర్వేలు ఒకపక్క, ఫోన్లలో జ్యోతిష్యుల వీడియోలు ఇంకోపక్క. అందులో ఎక్కువగా వినిపించిన పేరు వేణుస్వామి. జగన్ మళ్లీ ముఖ్యమంత్రి అవుతారని ఆయన గట్టిగా చెప్పారు.

జూన్ 4న ఏమైందో అందరికీ తెలుసు. 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11. జగన్‌కు మేనమామ అయిన రవీంద్రనాథ్ రెడ్డి మా కమలాపురంలోనే ఓడిపోయారు, టీడీపీ అభ్యర్థి పుత్తా చైతన్య రెడ్డి గెలిచారు. తన జోస్యం తప్పిందని వేణుస్వామి ఒక వీడియోలో ఒప్పుకున్నారు, ఇకమీద ఇలాంటి జోస్యాలు బహిరంగంగా చెప్పనన్నారు. కథ అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం అవసరమే లేదు.

ఒక్క మాటతో వచ్చిన పేరు

వేణుస్వామి సినిమావాళ్ల జ్యోతిష్యుడు. రష్మిక మందన్న, నిధి అగర్వాల్ లాంటి నటీమణులు ఆయనతో పూజలు చేయించుకున్న ఫోటోలు బాగా తిరిగాయి. ఇంటర్వ్యూలో కూర్చుంటే తడుముకోరు. ఫలానా హీరో, ఫలానా హీరోయిన్ అని పేర్లు పెట్టే మాట్లాడతారు. చానెళ్లకు కావాల్సింది కూడా అదే.

ఆయనకు ఇంత పేరు రావడానికి ముఖ్యమైన కారణం ఒక్కటి. నాగచైతన్య, సమంత 2017లో పెళ్లి చేసుకున్నారు. 2021 అక్టోబర్ 2న విడిపోతున్నట్టు ప్రకటించారు. ఈ సంగతి వేణుస్వామి ముందే చెప్పారని పాత వీడియోలు బయటికొచ్చాయి. అప్పటినుంచి ఆయన ఏమన్నా వార్తే అయింది.

2024 ఆగస్టులో నాగచైతన్యకు శోభిత ధూళిపాళతో నిశ్చితార్థం జరిగింది. బహిరంగ జోస్యాలు చెప్పనన్న ఆయన, రెండు నెలలు దాటగానే, ఈ జంట కూడా విడిపోతుందని చెప్పారు. సినిమా జర్నలిస్టుల సంఘాలు తెలంగాణ మహిళా కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. కమిషన్ నోటీసులు ఇచ్చింది, ఆయన హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2025 జనవరిలో కమిషన్ ముందు హాజరై క్షమాపణ చెప్పారు. నిశ్చితార్థం జరిగిన జంటకు అదే డిసెంబర్ 4న అన్నపూర్ణ స్టూడియోలో పెళ్లి అయింది.

నేను చదివింది బీకామ్. లెక్కల పుస్తకంలో జమ రాస్తే ఖర్చు కూడా రాయాలని మొదటి సంవత్సరమే నేర్పిస్తారు. టీవీ జ్యోతిష్యంలో జమ మాత్రమే రాస్తారు. నిజమైన జోస్యం క్లిప్పుగా మారి పదేళ్లు తిరుగుతుంది. తప్పినదాన్ని వారంలో మర్చిపోతాం. పైగా ఆ పుస్తకం రాసేది జ్యోతిష్యుడు ఒక్కడే కాదు. చూసే మనం, చూపించే చానెల్, అందరం కలిసి రాస్తున్నాం.

రెండు పద్దులూ రాసిన ఒక ప్రయోగం

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో ఈ లెక్క సరిగ్గా రాసి చూశారు. 200 మంది పిల్లల జాతకాలు తీసుకున్నారు. సగం మంది చదువులో చురుకైనవాళ్లు, సగం మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు. ఒక్కో జ్యోతిష్యుడికి 40 జాతకాలు ఇచ్చి ఎవరు ఏ రకమో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సరైనవి సగటున 46 శాతం. రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసా అని చెప్పినా సగం నిజమవుతాయి.

వాల్టర్ మెర్కాడో కథ

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. అమెరికాలోని స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు వాల్టర్ మెర్కాడో పేరు చెబితే చాలు. 1932లో ప్యూర్టోరికోలో పుట్టారు. నాట్యం, నటన ఆయన వృత్తి. 1969లో ఒక నాటకం ప్రచారానికి, అదే వేషంలో టీవీకి వెళ్లి జ్యోతిష్యం మాట్లాడారు. అది జనానికి నచ్చింది, కార్యక్రమం మొదలైంది. రాళ్లు పొదిగిన పొడవాటి కేపులు, వేళ్లకు పెద్ద పెద్ద ఉంగరాలు, చివర్లో ప్రేక్షకులకు ఒక ముద్దు. రోజుకు 12 కోట్ల మంది చూసేవారని చెప్పేవారు.

అంతమందికి రేపటి సంగతి చెప్పిన మనిషి 1990లలో తన మేనేజర్‌తో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టారు. దాని ప్రకారం తన పేరు మీద హక్కే తనది కాకుండా పోయింది. తర్వాత కోర్టుల్లో ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. 2019 నవంబర్ 2న, 87 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన్ని ప్రేమించినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆయన మంచి మాటలే చెప్పేవారు. కానీ ఆ కాగితంలో ఏముందో నక్షత్రాలు చెప్పలేదు. చదివి చెప్పగలిగిన లాయరు ఉండి ఉంటే చెప్పేవాడు.

మన ఇళ్లల్లో సంగతి

ఇది చదివి "అది వాళ్ల గొడవ, మనకు జాతకాలు ఎక్కడివి?" అనుకోవద్దు. కేబుల్ టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు చూడండి. రిష్తా కుదరడం లేదా, భర్త మాట వినడం లేదా, బందిష్ ఉందా, ఫోన్ చేయండి అని ఉంటుంది. ఆ నంబర్లకు ఫోన్ చేసేది మనవాళ్లే.

మా ఖాలా ఒకరు చేశారు. కూతురికి రెండేళ్లుగా రిష్తా కుదరలేదు. మొదటి ఫోన్ ఉచితం. తర్వాత తావీజుకు 1,100. తర్వాత "మీ ఇంటిమీద ఎవరో చేయించినారు" అని 5,100. మూడోసారి 15 వేలు. అది కట్టడానికి మెడలో గొలుసు కుదువ పెట్టారు. ఆ తర్వాత నంబర్ స్విచ్ ఆఫ్. ఎందుకు ఎవరికీ చెప్పలేదని అడిగితే, "ఏం చేసేదిరా, పిల్లకు వయసు అయిపోతా ఉంది, ఎవరితో చెప్పుకునేది?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాపారం నడిచేది మూఢనమ్మకం మీద కంటే ఎక్కువగా ఇలాంటి భయం మీదే.

దీన్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది. గైబ్ తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. జోస్యం చెప్పేవాడి దగ్గరికి పోయి అడిగినవాడి నమాజు నలభై రోజులు కబూల్ కాదని సహీ ముస్లిం హదీసులో ఉంది. మనసు తేలనప్పుడు ఇస్తిఖారా ఉంది. అది రెండు రకాతుల నమాజు, ఒక దువా. ఎవరికి వారు చేసుకోవాలి. దానికి ఫీజు లేదు, మధ్యవర్తి లేడు.

డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా కట్టి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కట్టిన రసీదు, ఆ ప్రకటన ఫోటో దాచిపెట్టుకోండి. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు కేబుల్‌లో వేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు మనకుంది.

ఖాలా కూతురి నిఖా ఎనిమిది నెలల తర్వాత జరిగింది. మసీదులో మా ఖాలూకు పరిచయమైన ఒక కుటుంబం ద్వారా వచ్చిన రిష్తా అది. వలీమా రోజు ఖాలా నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు: "ఆ తావీజు పనిచేసినట్టే ఉంది కదరా?"

గొలుసు ఇంకా కుదువలోనే ఉంది.