నలుగురు మోసిన పరుపు

మార్కు సువార్త 2వ అధ్యాయంలోని కపెర్నహూము ఇంటి సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సైతం తెలుసు. పక్షవాయువుగల మనిషిని కప్పు విప్పి దింపినవారు నలుగురు. ఒక్కడే అయితే రోగి వాకిట్లోనే ఉండిపోయేవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సంఘాలలో ఫిజియోథెరపీ చదివే బిడ్డలు, వారి తల్లిదండ్రులు ఈ నలుగురిని గూర్చి కొంచెం ఆలోచించాలి.

మన పల్లెల్లో ఈ విద్య అంటే కరెంటు పెట్టడం, మాలీషు చేయడం అనే తలంపు ఇంకా పోలేదు. నాలుగేళ్ల తరగతులు, ఆపైన ఇంటర్న్‌షిప్ ఉన్న చదువు ఇది. ఎముకలు, కండరాలు, నరాల పేర్లు పుస్తకం చెబుతుంది. చేతికి రావలసిన నేర్పు మాత్రం పుస్తకంలో దొరకదు. విద్యార్థులు ఒకరి భుజం, ఒకరి మోకాలు పట్టి చూసుకుంటూ నేర్చుకుంటారు. "అక్కడ కాదు, ఇంకా కిందికి, గట్టిగా పట్టావు, నొప్పిగా ఉంది" అని మొగమాటం లేకుండా చెప్పేది తోటి విద్యార్థే. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన ఆ మాట చెప్పలేడు. బలహీనమైన ఆయన చేతిని పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది.

మన ప్రాంతానికి ఇంకొక అవసరం ఉంది. గద్వాల నేత కార్మికుడు గుంట మగ్గం ముందు కాళ్లు గుంటలోకి దించి, నడుము వంచి గంటల తరబడి కూర్చుంటాడు. "కుర్చీలో నిటారుగా కూర్చో" అనే సలహా అతనికి ఎందుకు పనికివస్తుంది? మగ్గం ఎరిగిన ఇంటి విద్యార్థి, కాలు ఎలా తొక్కుతుందో, చేయి ఎంత దూరం సాగుతుందో తోటివారికి చూపగలడు. నాట్లు వేసే తల్లి నడుము సంగతి వ్యవసాయదారుల బిడ్డ చెబుతుంది. మట్టిపనికి వలస వెళ్లే పాలమూరు కూలీల సంగతి ఇంకొకరికి తెలుసు. ముగ్గురూ కూర్చుంటేనే వైద్యం రోగి బ్రతుకుకు సరిపోతుంది.

చదువు ముగిశాక అసలు కష్టం మొదలవుతుంది. హైదరాబాదు ఆసుపత్రిలో పక్కనే సీనియర్లు ఉంటారు. చిన్న పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకొన్నవారికి ఎవరుంటారు? నడుము నొప్పితో వచ్చిన రోగికి మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా వ్యాయామం చెప్పి పంపకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఇది తెలిసినవారే అలసిన సాయంత్రం ఏమరవచ్చు. ఎదురుగా లేకున్నా, ఫోనులో "ఆ ప్రశ్న అడిగావా?" అనే స్నేహితుడు ఉంటే ఒక మనిషి కాళ్లు నిలబడవచ్చు. అయితే రోగి పేరు, ముఖము కనబడే ఫొటో అతని అనుమతి లేకుండా ఎవరికీ పంపరాదు. తోటివారందరూ కలిసి పొరపడడమూ ఉంటుంది గనుక, సందేహం తీరకపోతే అనుభవజ్ఞులను, డాక్టరును అడగవలసిందే.

1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధితో వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేశాడు. స్థానం మార్చిన కండరానికి కొత్త పని నేర్పింది ఫిజియోథెరపీయే. కత్తి పట్టిన చేయి ఒక్కటే ఆ వ్రేళ్లను తెరవలేదు.

"పక్క వీధిలో క్లినిక్ పెట్టిన అమ్మాయికి నీకు తెలిసింది చెప్పకు" అని హెచ్చరించే తల్లిదండ్రులున్నారు. అప్పు చేసి చదివించినవారి భయం అర్థం కానిది కాదు. కాని ఈ మూడు జిల్లాల పల్లెల్లో మంచాన పడి ఉన్నవారిని ఇద్దరు ముగ్గురు పంచుకొన్నా తరగరు.

సంఘ పెద్దలు నెలకు ఒక శనివారం మధ్యాహ్నం చర్చి ఆవరణలో ఒక గది ఇవ్వగలరు. ఒక చాప, ఒక బల్ల, కీళ్ల వంపు కొలిచే గోనియోమీటరు ఉంటే చాలు. ప్రతి ఒక్కరు తమకు అంతుపట్టని ఒక కేసు తీసుకొనిరావాలి. బాగుపడిన కేసులు తర్వాత చెప్పుకోవచ్చు.