నిప్పును ఎదుర్కొను పనిముట్లు: పంచాయతీల కర్తవ్యము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను సామెత మన పల్లెలలో ఎరుగనివారు లేరు. అయినను వేసవి సమీపించునాటికి నిప్పు నార్పు సామగ్రిని సిద్ధపరచుకొనిన గ్రామము లెన్ని యని ప్రశ్నించుకొన్నచో, మనలో పెక్కురము ఇంకను ఆ బావినే త్రవ్వుచున్నామని తేలును. నిజామాబాదు, బోధన్, ఆర్మూరు పట్టణములలో అగ్నిమాపక కేంద్రములు కలవు. 101 నంబరుకు కబురందినంతనే దళము బయలుదేరును. కాని బండి బాట దాటి పొలముగట్టు చేరువరకు గడచు కాలము గ్రామస్థులదే. ఆ కాలములో మన చేతికి అందవలసిన పనిముట్లను గూర్చి ఈ వ్యాసమున వివరింతుము.

నిప్పు ఎట్లు పుట్టును?

1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో మంజీర పరివాహకమున చెరకు సాగు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. నేడు వరి పైరే హెచ్చు. చెరకు పండించువారు తమ పంటను దూరమున నున్న కర్మాగారములకు చేర్చుకొనవలసి యున్నది. కాలిన చెరకు నిలువయున్న కొలది బరువును, తీపిని కోల్పోవును. కావున ఒక్క నిప్పురవ్వ ఒక కుటుంబము యొక్క ఏడాది శ్రమను కొలది దినములలో విలువలేనిదిగా చేయగలదు.

వరికోత యంత్రము విడిచిన కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు గాలి తిరిగినచో ప్రక్క చెరకు తోటకును, గడ్డివాములకును ప్రాకును. వ్రేలాడు విద్యుత్ తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు రాలు రవ్వలు మరియొక కారణము. అడవి అంచున నున్న గ్రామములలో ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రపరచువారును, తునికాకు చిగురు బాగుగా వచ్చునని తలచువారును ఆకుల కంటించు నిప్పు గుట్టలకు ప్రాకుచుండును. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము క్రింద నేరము.

అడవి నిప్పు ఏల కష్టము?

నిప్పునకు మూడు ఆధారములు: కాలు వస్తువు, గాలి, వేడి. ఇంటిలో నిప్పుపై నీరు చల్లి వేడిని తగ్గింపవచ్చును, తడిగోనె కప్పి గాలిని ఆపవచ్చును. గుట్టపై నీరు లేదు, గాలిని ఆపు ఉపాయము లేదు. మిగిలినది కాలు వస్తువును తొలగించుట యొక్కటే. టేకు ఆకులు రాలి పరచుకొనిన నేలపై మంటకు ముందుగా ఒక బాట వెడల్పున ఆకును ఊడ్చి మట్టిని బయల్పరచినచో మంట అచట నిలిచిపోవును. ఇదియే ఫైర్ లైను. గుట్ట ఎక్కు మంట తన ముందున్న ఆకును వేడిచేసికొనుచు సమతలముకంటె మిగుల వేగముగా పోవును గావున ఈ లైనును ముందుగానే, వేసవి ముదరకమునుపే తీయవలెను.

కమ్మరి చేయగల పనిముట్లు

ఈ పనికి గొప్ప యంత్రములు అవసరము లేదు. 1910లో అమెరికాలో రెండు దినములలో సుమారు 30 లక్షల ఎకరముల అడవి కాలిపోయినది. ఆ మంటలలో తన మనుషులను గని సొరంగములోనికి చేర్చి పెక్కురిని కాపాడిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ, తరువాత తన కొలిమిలో ఒకవైపు గొడ్డలి, రెండవవైపు నేల గోకు అడ్డపలక గల పనిముట్టును రూపొందించెను. నేటికిని అడవి నిప్పుతో పోరాడువారు దానిని అతని పేరుతోనే వాడుచున్నారు. మన జిల్లాలోని కోనసముద్రము ఉక్కును ఒకప్పుడు పారశీక వర్తకులు కత్తులకై కొనిపోయిరి. అట్టి సీమ కమ్మరులకు ఈ పని కష్టము కాదు.

పంచాయతీ కమ్మరిచే చేయించవలసినవి: ఆకు లాగు ఇనుప పండ్ల దంతెలు, పొడుగు పిడి గొడ్డళ్లు, పారలు, మంట నడచు రబ్బరు కొట్టెలు. అయిదడుగుల కఱ్ఱకు పాత రబ్బరు బెల్టు పట్టీలను బోల్టులతో బిగించినచో కొట్టె సిద్ధమగును. దానిని ఎత్తి బాదరాదు. బాదినచో రవ్వలు ఎగురును. మంటపై అదిమి, కాలిన వైపునకు లాగవలెను. పురుగుమందు చల్లు 16 లీటర్ల వీపు పంపును కడిగి నీరు నింపినచో మిగిలిన నిప్పుకణికల నార్పును. అగ్నిమాపక సిలిండర్లను మాత్రము ఐ.ఎస్.ఐ. గుర్తు చూచియే కొనవలెను.

పంచాయతీ ట్యాంకరు

2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, నీటి ట్యాంకర్లు సమకూరినవి. చెట్లకు నీరు పోయు ట్యాంకరే ఒక చిన్న ఇంజను పంపు, గొట్టము తోడైనచో అగ్నిమాపక సాధనమగును. నాలుగువేల లీటర్ల ట్యాంకరు నిమిషమునకు 200 లీటర్లు చిమ్మినచో ఇరువది నిమిషములకు చాలును. అందుచే నీటిని మంట నడుమ వృథాచేయక, ప్రక్క తోట గట్టును తడుపుటకు వాడవలెను. ఫైరింజను గొట్టములకు సరిపోవు 63 మిల్లీమీటర్ల జోడింపును వెల్డింగు దుకాణమున అమర్చుకొన్నచో దళము వారు మన ట్యాంకరునుండి నీరు తీసికొనగలరు. వేసవిలో ట్యాంకరు రాత్రివేళ నిండియే యుండవలెను.

ప్రాణము ముందు, పంట తరువాత

నాలుగడుగులకు మించిన మంటను చేతి పనిముట్లతో ఎదురుగా నిలిచి ఆర్పరాదు. చెరకు తోట మంట అంతకు ఎన్నోరెట్లు లేచును గావున దాని లోపలికి ఎవ్వరిని పోనీయరాదు. ముందున్న సాళ్లను నరికి అడ్డు ఏర్పరచవలెను. నైలాను బట్టలు కరగి ఒంటికి అంటుకొనును. నూలుబట్టలు, తోలుచెప్పులు ధరింపవలెను. తీగల క్రింద విద్యుత్తును నిలిపించిన తరువాతనే నీరు చిమ్మవలెను. ప్రతి జట్టునకు గాలిని కనిపెట్టి యుండు ఒకనిని, వెనుకకు వచ్చుటకు ఒక బాటను ముందే నిర్ణయింపవలెను.

ఉపగ్రహములు 375 మీటర్ల చదరమున నిప్పును కనిపెట్టగా భారత అటవీ సర్వే సంస్థ నమోదైన ఫోనులకు ఆ సమాచారము పంపుచున్నది. సర్పంచి, కార్యదర్శి తమ నంబర్లను నమోదు చేయించుకొనవలెను. కాని ఉపగ్రహము చూపగలదే గాని ఆర్పలేదు. ఆర్పునది చేతులు, ఆ చేతులకు పనిముట్లు కావలెను. రాబోవు గ్రామసభలోనే పనిముట్ల పట్టిక వ్రాసి, అవి ఉంచు గది తాళము ఎవరియొద్ద నుండునో తీర్మానింపుడు. ఒక తాళపుచెవి ఆలస్యమువలన తోట కాలినదను మాట మన గ్రామమున వినబడకుండుగాక.