పునాదికి ముందు భూమిని అడగండి

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పెళ్ళికి ముందు రెండు వైపులవారూ ఒకరినిగురించి ఒకరు వాకబు చేసుకుంటారు. ఇంటికి ముందు వాకబు చేయవలసినది భూమినిగురించి. వాస్తుశాస్త్రంలో ఇందుకోసమే భూపరీక్ష విధించారు. మూరెడు గొయ్యి తవ్వి, తీసిన మన్నుతోనే దానిని పూడ్చి చూడమన్నారు. మన్ను మిగిలితే ఆ చోటు ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. మరొక పరీక్షలో సాయంకాలం గోతిని నీటితో నింపి, తెల్లవారిన తరువాత ఎంత నీరు నిలిచినదో చూస్తారు. ఫలశ్రుతి మాట ఎలా ఉన్నా, భూమిని అడిగిన తరువాతనే గడ్డపార ఎత్తాలనే నియమం మనకు కొత్తది కాదన్నమాట.

ఈనాడు పర్యావరణ ప్రభావ అంచనా అని పిలిచే పని ఈ విచారణకు పెద్ద రూపం. ఈ చోటు కట్టేవాడికి మేలు చేస్తుందా అని వాస్తు అడుగుతుంది. కట్టటంవల్ల ఈ చోటుకు, దీనిమీద బ్రతికే చెట్టుకూ పిట్టకూ వాగుకూ ఏమవుతుంది అని ఇది అడుగుతుంది. అమెరికాలో 1970 జనవరి 1న ఇది చట్టమయినది. మన కేంద్రప్రభుత్వం 1994 జనవరిలో మొదటి ప్రకటన చేసింది. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారం, అంతస్తులన్నీ కలిపి 20,000 చదరపు మీటర్లూ అంతకు మించీ ఉండే భవనాలకు ముందుగా అనుమతి పొందాలి. ఆ దరఖాస్తులో భూమి, నీరు, వృక్షాలు, జంతువులు, గాలి — అన్నిటినిగురించీ వరుసగా ప్రశ్నలు ఉంటాయి.

ప్రశ్నలు మంచివే. అవి ఎప్పుడు అడుగుతారన్నదే అసలు సంగతి. ప్లాను గీసి, అప్పు తెచ్చి, బుల్డోజరును దింపిన తరువాత అడిగితే, జవాబు ఏదయినా ఎవరికీ రుచించదు. ఇందుకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకొని ఉన్న కంచె గచ్చిబౌలిలో 400 ఎకరాలను అభివృద్ధి పేరిట చదును చేయటానికి 2025 మార్చి చివర యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. నెమళ్ళు, జింకలు తిరిగే చోటని పత్రికలు రాశాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించి, పర్యావరణ అంచనా జరిగినదా అని ప్రభుత్వాన్ని అడిగింది. గడ్డపారకు ముందు రావలసిన ప్రశ్న గొడ్డలి తరువాత వచ్చింది. అప్పటికి పడిన చెట్లు ఏ తీర్పుకూ తిరిగి లేవవు కదా!

ముందుగా అడిగితే ఏమి లాభమో చూడాలంటే మా ఇచ్చోడ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంటనే ఉత్తరానికి వెళ్ళాలి. నాగపూరు దాటిన తరువాత ఆ రహదారి పెంచ్ పులుల అడవిలోనుంచి పోతుంది. వెడల్పు చేస్తే జంతువుల దారులు తెగిపోతాయని ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. చివరకు మహారాష్ట్ర భాగంలో తొమ్మిది చోట్ల రోడ్డును పైకెత్తి, క్రిందుగా జంతువులు పోయేందుకు దారులు విడిచారు. వాటిలో కొన్ని 50 మీటర్ల వెడల్పు; అతి పెద్దది 750 మీటర్లు. 2019లో అక్కడ కెమెరాలు అమర్చి చూడగా పులితో సహా 18 జాతుల అడవి జంతువులు ఆ దారులలో నడిచినట్టు తేలింది. మృగాలు ఎక్కడ దాటుతాయో తెలిసినందువల్లనే దారులు సరైన చోట పడ్డాయి.

అయితే ఇటువంటి విచారణ ఎలా చేస్తారు? మొదటి పని కాగితాలమీద. గ్రామనక్షా, పాత పహాణీ తీసి చూస్తే ఎక్కడ కుంట ఉండేది, ఏ ఒర్రె ఎటు పారేది, ఏది శిఖం భూమి అన్నది తెలుస్తుంది. రెండవ పని కాలినడకన. అది ఒక్కపూటతో తీరేది కాదు. మే నెలలో ఒర్రె వట్టి ఇసుకదారి. ఆగస్టులో అదే నది. వేసవిలో మోడుగా కనిపించే టేకు వానలకు పచ్చగొడుగు పడుతుంది. కప్పలు వానకు గాని పలకవు. వలసపక్షులు చలికాలానికి గాని రావు. కనుక ఋతువులన్నీ చూడనివాడు ఆ చోటును చూడనట్టే. మూడవది, అక్కడివారిని అడగటం. ఏ ఇప్పచెట్టు ఎవరి ఇంటికి ఆదరువో గోండుగూడెంలోని ముసలమ్మకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఇన్ని తెలిసిన తరువాత వరుస ఒకటే: తప్పించగలిగిన నష్టం తప్పించాలి, తప్పనిది తగ్గించాలి, మిగిలినదానికే పరిహారం. ఒక చెట్టు కొట్టి పది మొక్కలు నాటుతామనేది చివరి మాట కావాలి గాని మొదటి మాట కారాదు. తొర్రలో చిలుకలకు చోటిచ్చే చెట్టు కావటానికి మొక్కకు ఎన్నో దశాబ్దాలు పడుతుంది.

నీటి లెక్క తప్పితే ఏమవుతుందో మా జిల్లా ఎరుగును. మా పొరుగు నేరడిగొండ మండలంలో కుంటాల జలపాతమై దూకే కడెం నదిమీద కట్టిన ఆనకట్ట, 1958 ఆగస్టులో వరద పైనుంచి పొర్లి తెగిపోయింది. తిరిగి కట్టారు. 2022 జూలైలో గేట్లు వదలగలిగినదానికంటె ఎంతో ఎక్కువ, 5 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చి మళ్ళీ ప్రాణాలు అరచేత పట్టుకొనేలా చేసింది. నది తన దారి మరచిపోదు.

మా ఇచ్చోడవంటి ఊళ్ళలో లేచే ఇళ్ళు, దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళలో చాలా భాగం ఆ 20,000 చదరపు మీటర్ల లెక్కకు చాలా క్రిందనే ఉంటాయి. రహదారి ప్రక్క రేగడి చెలకలలో తెల్లరాళ్ళు పాతినప్పుడు ఏ అధికారీ వచ్చి జంతువులనుగురించి అడగడు. కాని పది చిన్న కట్టడాలు కలిస్తే ఒక ఒర్రె పూడుతుంది. ఆ నీరు పదకొండవ ఇంట్లోకి వస్తుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే రేగడిలో ఆ ఇంటి గోడ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

చట్టం అడగకపోయినా కొనేవారు అడగవచ్చు. స్థలం చూడటానికి వెళ్ళే గృహస్థులు ముహూర్తంతోపాటు నాలుగు ప్రశ్నలు కూడా పట్టుకొని వెళితే చాలు. వానాకాలంలో ఇక్కడ నీరు ఎటు పోతుంది? నక్షాలో ఇది ఏమిటి? ఈ చెట్టును ఉంచి ఇల్లు కట్టే వీలున్నదా? ఇక్కడ ఇప్పుడు ఎవరు బ్రతుకుతున్నారు? కాగితంమీది గీతను చెరపటానికి పావలా రబ్బరు చాలు. కట్టిన గోడను చెరపాలంటే ఇల్లే కూలాలి.