ప్లేట్‌లెట్ల దారి

డెంగీ సీజనొస్తే మా ల్యాబ్ కౌంటర్ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయమ్మా?" అంకె చెబుతాను. అదెలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు.

మాది లేజర్‌తో లెక్కపెట్టే మెషిన్. ప్లేట్‌లెట్ సైజు రెండు మూడు మైక్రాన్లు. కణాలు లేజర్ ముందుకు ఒక్కొక్కటే రావాలి. జంటగా వస్తే మెషిన్ ఒకటనుకుంటుంది. పోనీ గొట్టాన్నే బాగా సన్నగా చేద్దామంటే చిన్న గడ్డకే పూడుకుపోతుంది. వెడల్పు చేస్తే కణాలు ఎటుపడితే అటు పోతాయి.

లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో పనిచేసిన పి.జె. క్రాస్‌లాండ్-టేలర్ 1953లో 'నేచర్' పత్రికలో దీనికో ఉపాయం రాశారు. గొట్టంలో శుభ్రమైన ద్రవాన్ని జోరుగా పారించి, దాని నడిమధ్యన శాంపిల్‌ను నెమ్మదిగా వదలడం. చుట్టూ ఉన్న ద్రవం లాక్కుపోతుంటే శాంపిల్ ధార సాగి సన్నబడుతుంది, ఎత్తు నుంచి పోసిన తేనెలా. ఇప్పటి మెషిన్లలో దారి కూడా ఇరుకవుతూ పోతుంది, వేగం ఇంకా పెరుగుతుంది.

నాకు ముచ్చటగా అనిపించేది ఇక్కడే. రెండూ నీళ్ళలాంటివే, మధ్యన గోడ లేదు, అయినా కలవవు. అంత చిన్న దారిలో సుడి పుట్టబోయినా ద్రవంలోని జిగట అణిచేస్తుంది. కణాలు వాటంతటవే పక్కకు పాకాలంటే చాలాసేపు కావాలి. అవి దారి దాటడానికి రెప్పపాటు కూడా పట్టదు.

కాకపోతే ఆ దారి నునుపుగా, మెల్లమెల్లగా ఇరుకవ్వాలి. ఒక్కసారిగా మెట్టులా కుంచించుకుపోతే ఆ మూలన ద్రవం గిరికీలు కొడుతుంది. శాంపిల్ సూది సరిగ్గా మధ్యలో ఉండాలి, పంపు కుదుపులివ్వకూడదు. ఒక్క గాలిబుడగ గోడకు అంటుకున్నా ధార పక్కకు జరుగుతుంది. పొద్దున్నే రక్తం లేకుండా ఓసారి నడిపి చూసేది అందుకే.

రక్తం పట్టే ట్యూబు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రక్తం తీయగానే ఆ ఊదారంగు మూత ట్యూబును ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గడ్డకట్టకుండా అందులో ఉంచిన మందు రక్తంలో బాగా కలవాలి. లేకపోతే గడ్డలు కట్టి, మెషిన్ దాకా వచ్చి అడ్డం పడతాయి. కొందరి రక్తంలో ఆ మందువల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. ధార ఎంత తిన్నగా ఉన్నా అతుక్కున్నవాటిని విడదీయదు, అంకె తక్కువ చూపిస్తుంది. అందుకే మరీ తక్కువొస్తే స్లైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తాను. "ఇంకాసేపు ఆగండి బాబాయ్" అంటే విసుక్కుంటారు. విసుక్కోనీ.