సముద్రపుటొడ్డున నాలుగు నాళ్ళ విడిది

పత్తి, మిరప పండే మన నల్లరేగడి సీమలో వేసవి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. కల్లాలలో ఎండిన మిరపకాయ గుంటూరు యార్డుకు చేరి, బస్తాలు చాలావరకు అమ్ముడుపోయే సరికి వైశాఖం ముదురుతుంది. ఆ ఎండలకు తాళడం కష్టం కనుక ఏటా మే నెలలో యార్డుకే సెలవులు ఇవ్వడం రివాజయినది. పల్నాటి రెంటచింతల పేరు పత్రికలలో తరచుగా కనిపించేదీ ఆ రోజులలోనే. అటువంటి సెలవులలో పిల్లాపాపలతో సూర్యలంకకో, ఓడరేవుకో, కొత్తపట్నానికో పోయి, ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉండి రావడం మన కుటుంబాలకు అలవాటవుతున్నది. ప్రయాణం పెద్దది కాదు. బాపట్లలో రైలు దిగితే సూర్యలంక, చీరాలలో దిగితే ఓడరేవు 10 కిలోమీటర్ల లోపుననే ఉన్నవి. ఒంగోలు నుండి కొత్తపట్నం 20 కిలోమీటర్ల లోపు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడిన నాటి నుండి మొదటి రెండు ఊళ్ళూ ఆ జిల్లాలో చేరినవి. కొత్తపట్నం ప్రకాశం జిల్లాలోనే ఉన్నది.

అయితే మనకు అక్కడ దొరికే చల్లదనం, మంచినీరు, నీడ అనాయాసంగా వచ్చినవి కావు. వాటి వెనుక ఒక ఏర్పాటు ఉన్నది. దానిని తెలుసుకుని ఉంటే విడిది సుఖంగా సాగుతుంది. ఊరికీ కీడు కలుగదు. మేము ఇక్కడ చెప్పదలచినది ఇంతే.

మొదట గాలి సంగతి. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి, తేలికపడి పైకి పోతుంది. ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లని గాలి ఒడ్డుకు వస్తుంది. పగలు పొద్దెక్కిన పిమ్మట మొదలై, మధ్యాహ్నం తరువాత బలపడే సముద్రపు గాలి ఇదే. రాత్రి నేల ముందుగా చల్లబడుతుంది గనుక గాలి నేల నుండి సముద్రం వైపు మళ్ళుతుంది. కాని నడివేసవిలో పడమటి నుండి వడగాడ్పులు గట్టిగా వీచేటప్పుడు సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. ఒక్కొక్క రోజు రానే రాదు. అందుచేత ఒడ్డుకు పోయినా పన్నెండు గంటలకు పిల్లలను ఇసుకలో ఆడనివ్వరాదు. ఉదయం, సాయంత్రం బయటికి పోయి మిట్టమధ్యాహ్నం ఇంటిపట్టున ఉండడమే మేలు. ఎండబాధ లేకుండా ఉండగోరేవారికి సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు గల రోజులు అన్నిటికన్న అనుకూలమైనవి.

ఇక ఇల్లు. పట్నం నుండి వచ్చినవారు కిటికీ తెరవగానే అలలు కనిపించే ఇల్లు కోరుతారు. తీరంలో పాతకాలపువారు అట్లు కోరలేదు. ఇసుకదిబ్బను ముందుంచుకుని దాని వెనుక ఇళ్ళు కట్టుకున్నారు. దిబ్బ అంటే వట్టి ఇసుక కుప్ప కాదు. గాలి తెచ్చిన ఇసుకను బాలబంద తీగ, ముళ్ళగడ్డి తమ వేళ్ళతో పట్టి నిలుపగా ఏండ్ల తరబడి పెరిగిన గోడ అది. తుపానులో పొంగి వచ్చే నీటి ఉరవడిని ముందుగా అది తన మీద తీసుకుంటుంది. దాని వెనుక సరుగుడు తోపు ఉంటే గాలి జోరు కూడ తగ్గుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెనను మనవారు మరువలేదు. ఆ తుపాను తీరం దాటినది చీరాల ప్రాంతంలోనే. అటు పిమ్మట కోస్తా వెంట సరుగుడు తోటలు విరివిగా పెంచినారు. తుపాను రక్షణ భవనాలు కట్టినారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది. సముద్రం కనబడడానికి దిబ్బను చదును చేసి కట్టిన ఇంట్లో మనము నాలుగు రోజులే ఉంటాము. దాని వెనుక ఉన్న పల్లె మాత్రం ఏడాది పొడుగునా ఉండవలసినదే. పోటునీటి హద్దు నుండి 500 మీటర్ల మేర కట్టడాలను అదుపులో పెడుతూ కేంద్ర ప్రభుత్వం 1991లో నియమాలు చేసినది. 2011లోను, 2019లోను వాటిని మార్చి కొత్తవి వెలువరించినది. అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు అది దిబ్బకు ముందున్నదో, వెనుకనున్నదో అడగడం మన ధర్మం.

మంచినీటి సంగతి మరింత విచిత్రమైనది. అంత ఉప్పు సముద్రం పక్కన ఇసుక తవ్వితే తియ్యని నీరు ఎట్లా వస్తుంది? ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక. అడుగున ఉన్న ఉప్పునీరు బరువు. అందుచేత మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉండగలదని శాస్త్రజ్ఞుల లెక్క. పైన ఒక అడుగు తోడివేస్తే అడుగున అంత మేర ఉప్పునీరు పైకి ఎగబాకుతుందని కూడ ఆ లెక్కకు అర్థం. ఈ శాస్త్రం చదువకుండానే బాపట్ల, చీరాల ప్రాంతపు రైతులు ఇసుకనేలలో లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ గల దొరువులు తవ్వి, పై నీటిని మాత్రమే కుండలతో ముంచి మొక్కలకు పోసుకున్నారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ సూత్రం మీదనే, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరచి నీటిని ఒక బావిలోనికి చేర్చే పద్ధతిని రూపొందించినది. లోతైన గొట్టపుబావి వేసి రేయింబవళ్ళు మోటారు నడిపితే ఏమవుతుందో ఇక ఊహించుకోవచ్చు. అతిథులు స్నానానికి రెండు బిందెలు తక్కువ వాడితే ఆ పొదుపు ఊరి బావిలో నిలుస్తుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది సముద్రస్నానం. కార్తిక పున్నమినాడు ఈ మూడు తీరాలకూ జనం విరగబడి వస్తారు. సెలవు రోజులలో ఒడ్డున ప్రాణనష్టం జరిగిన వార్తలు కూడ మనము వింటూనే ఉన్నాము. కాలువలో, చెరువులో ఈత నేర్చినవాడికి సముద్రపు గుణం తెలియదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి పోవలె గదా! అది ఒక్కొక్కచోట ఇరుకైన దారి చేసుకుని వేగంగా లోనికి పోతుంది. అక్కడ అలలు అంతగా విరగవు. నీరు నునుపుగా, నెమ్మదిగా కనిపిస్తుంది. తెలియనివారికి అదే నిరపాయమైన చోటుగా తోస్తుంది. మోసమంతా అక్కడే ఉన్నది. ఆ లాగుడులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదరాదు. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. నీటి మీద తేలుతూ, చెయ్యి ఎత్తి కేకవేయవలె. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు దాటిన పిమ్మట ఒడ్డుకు మళ్ళవలె. ఒడ్డున ఉన్నవారు తాడో, తేలే వస్తువో విసరవలె గాని తామూ దూకరాదు. దిగే ముందు ఆ ఊరి బెస్తవారిని ఒక్కమాట అడిగితే ఈ దినం ఏ చోట దిగరాదో వారు చెప్పగలరు.

ఆ బెస్తవారి జీవనం సంగతీ తెలియవలసినదే. చేపలు గుడ్లుపెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలను వేటకు పోనివ్వరు. మన వేసవి సెలవులు సరిగా ఆ రోజులలోనే వస్తవి. ఒడ్డున పడవలు వరుసగా నిలిచి ఉంటే ఊరు తీరికగా ఉన్నదని భ్రమపడరాదు; అది రాబడి లేని కాలం. అప్పుడు వలలు బాగుచేసుకుంటారు, పడవలకు మరమ్మతు చేసుకుంటారు. అటువంటి వేళ నాలుగు చేపలకు గీచి గీచి బేరమాడడం మర్యాద కాదు. చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు ఈ ఇసుకలో గుడ్లు పెడతవి. పిల్లలు బయటికి వచ్చిన రాత్రి వెలుతురు కనబడిన వైపే నడుస్తవి. విడిది ఇంటి దీపాలు సముద్రం వైపు వెలుగుతుంటే అవి దారి తప్పుతవి. కనుక ఆ దీపాలను ఆర్పివేయడం మంచిది.

విడిది ఇళ్ళు మితిమీరితే ఏమి జరుగుతుందో ఇతర దేశాలలో చూడవచ్చు. బ్రిటన్ పడమటి భాగాన ఉన్న వేల్సులో సముద్రతీర గ్రామాల చిన్న ఇళ్ళను వారానికి ఇంత అని అద్దెకు తీసుకోవడం చాలాకాలంగా ఉన్నదే. క్రమంగా బయటివారే ఆ ఇళ్ళను కొన్నారు. ధరలు పెరిగి ఊరి యువకులకు ఇల్లు దొరకకపోయినది. అబెర్‌సోక్ అనే తీరగ్రామంలో పిల్లలు చాలక 2021 డిసెంబరులో బడినే మూసివేసినారు. 2023 ఏప్రిల్ నుండి అటువంటి రెండవ ఇళ్ళ మీద మామూలు పన్నుకు తోడు 300 శాతం వరకు అదనంగా విధించే అధికారాన్ని అక్కడి స్థానిక సంస్థలకు ఇచ్చినారు. బడి మూతపడిన తరువాత పన్ను వేయడం కన్న ముందే జాగ్రత్తపడడం సులభం.

మన తీరంలో ఇంకా దిబ్బలు ఉన్నవి, తోపులు ఉన్నవి, దొరువుల జ్ఞానం ఉన్నది. వాటిని కాపాడుతున్న పల్లెలు ఉన్నవి. అద్దె సొమ్ము ఊరివారికే చేరేటట్లు వారి ఇంటనే దిగడం, వారి వంట తినడం, తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి మన వెంట తీసుకుపోవడం ఎవరికైనా సాధ్యమైన పనులే. చుట్టమై పోయినవాడు ఆ ఇంటి ఆచారం తెలుసుకుని మెలగవలెనని మన పెద్దలు నేర్పినారు. సముద్రపుటూరికి పోయేటప్పుడు కూడ ఆ మర్యాదను పెట్టె సర్దుకునేటప్పుడే వెంట ఉంచుకుందాము.